ఉందంటే నమ్మని సిలార్

సిలార్‌కి ‘ఉంది’ అన్న మాట మీద నమ్మకం లేదు. ‘లేదు’ అన్న మాటంటే మాత్రం ప్రాణం. లేదని వింటే లోకంలో ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుంటారు. సిలార్ మొహం చాటంత అవుతుంది. గుంటూరు బ్రాడీపేటలో ఏ లైనులోకి వెళ్లి ఏ కొట్టువాణ్ణి కదిపినా ఈ సంగతి చెబుతాడు. చెబుతూ చెబుతూ కాస్త పళ్లు కూడా నూరుతాడు.

పొద్దున్నే టిఫిన్ సెంటర్‌లో కూర్చుంటాడా, సర్వరు ఊపిరి తీసుకోకుండా పాఠం అప్పజెబుతాడు. ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా, పెసరట్టు.

"పెసరట్టు ఉందా?" అంటాడు సిలార్.

"ఉందండి."

"పిండి ఉందా?"

"పిండి లేకుండా అట్టెలా వస్తుందండి?"

"అందుకే అడుగుతున్నా. ఒకసారి గిన్నె చూపించు."

సర్వరు లోపలికెళ్లి, కాసేపటికి తల గోక్కుంటూ వస్తాడు. పిండి నిన్ననే అయిపోయిందట. ఒకసారి కొత్తగా చేరిన సర్వరు మొదటి మాటకే "లేదండీ, అయిపోయింది" అన్నాడు. సిలార్ లేచి నిలబడి అతని తడిచెయ్యి పట్టుకుని ఊపేశాడు. "నువ్వు పైకొస్తావయ్యా!" అన్నాడు. ఆ మనిషి హడలిపోయి మేనేజర్‌ని కేకేశాడు.

మందుల షాపాయన పరిస్థితి ఇంకా కనాకష్టం. సిలార్ తలనొప్పి మాత్ర కోసం వెళ్లి, ముందుగా "గోంగూరసిన్ ఉందా?" అని అడిగాడు. షాపాయన వెనక్కి తిరిగి అరలన్నీ వెతికి, "స్టాక్ రేపొస్తుందండి. ఎంత పవర్ కావాలి?" అన్నాడు. అలాంటి మందు భూప్రపంచంలో లేదు. షాపు మెట్లెక్కుతూ సిలార్ పుట్టించిన మందు అది. ఆ తర్వాత అతను ఆ షాపులో దగ్గుమందు కూడా కొనలేదు. ఆటోవాళ్లతోనూ ఇదే గోల. కొరిటెపాడు వెళ్లాలంటే ముందు లేని సందు పేరొకటి చెప్పి తెలుసా అని అడుగుతాడు. "తెలుసు సార్, ఎక్కండి" అన్నవాడి ఆటో ఎక్కడు. అలాంటి సందు లేదనేవాడు దొరికేదాకా ఎండలో నిలబడతాడు. చాలా రోజులు నడిచే వెళ్తాడు.

నలభై దాటినా సిలార్‌కి పెళ్లి కాకపోవడానికీ ఇదే కారణమని అతని అక్క ఖుర్షిదా గోల. ఒకప్పుడు చీరాలలో మంచి సంబంధం చూశారు. "మా అమ్మాయికి వంట, కుట్లు, అల్లికలు, కంప్యూటరు, అన్నీ వచ్చండీ" అన్నాడు పిల్ల తండ్రి. సిలార్ మర్యాదగా జేబులోంచి సూది, దారం, ఒక గుండీ తీసి బల్ల మీద పెట్టాడు. పిల్ల తండ్రి అంతకంటే మర్యాదగా గుమ్మం చూపించాడు.

"గుండీ ఇంటి దగ్గర్నుంచే పట్టుకెళ్లావంట్రా!" అని ఖుర్షిదా బస్సులో దారి పొడుగునా తిట్టింది.

"ఆ అమ్మాయి మెల్లిగా ‘నాకు కుట్టడం రాదండీ’ అందక్కా. నాకు నచ్చింది" అన్నాడు సిలార్.

అప్పటికి బస్సు చిలకలూరిపేట దాటేసింది.

మాధురికి ఈ మనిషి ఉద్యోగంలో తగిలాడు. సిలార్‌తో కలిసి ఇంజినీరింగ్ చదివిన ప్రేమ్‌చంద్ బ్రాడీపేటలో ఒక చిన్న కంపెనీ నడుపుతున్నాడు. ఇల్లు కట్టకముందే అది ఎలా ఉంటుందో తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాడు. త్రీడీ ఎలివేషన్ అంటే ఇప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అందరికీ మోజు. పునాది తియ్యకముందే హాలు రంగు మీద ఇంట్లో తగాదాలు అయిపోవాలి. ఆ ఇళ్ల బొమ్మలు గీసే పని మాధురిది. ఆ బొమ్మలు ఏ కంప్యూటర్లోనైనా తెర మీదకి వచ్చేలా చూసే పని సిలార్‌ది.

అదేమంత పని అనుకోకూడదు. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ లైబ్రరీలో గీత గీసే ఫంక్షను ఒకటి, రంగు పూసేది ఒకటి, నీడ వేసేది ఒకటి, ఇలా వందలకొద్దీ ఉంటాయి. ఆ లైబ్రరీ మాట్లాడే భాష ఒకటి, ప్రేమ్‌చంద్ సాఫ్ట్‌వేర్ రాసిన భాష ఇంకొకటి. మధ్యలో దుబాసీ ఉండాలి. ఆ దుబాసీనే బైండింగ్స్ అంటారు. దాన్ని సిలార్ ఒంటిచేత్తో రాశాడు. చిక్కేమిటంటే, ఏ ఫంక్షను ఏ కంప్యూటర్లో ఎక్కడుందో, అసలు ఉందో లేదో ముందుగా తెలియదు. ప్రోగ్రాం నడవడం మొదలయ్యాకే, ఆ కంప్యూటర్లోని గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పేరు పెట్టి అడగాలి. ఉంటే అది చిరునామా ఇస్తుంది. సున్నా ఇచ్చిందంటే లేదని అర్థం.

"లేదంటే ఏం చేస్తారండి?" అని మాధురి చేరిన కొత్తల్లో అడిగింది.

"లేదంటే హాయి కదండీ! పిండి కొద్దీ రొట్టె. నీడ వేసేది లేకపోతే పలచటి నలుపు పూసి సరిపెడతా. నా భయమంతా ఉందనేవాళ్లతోనే."

"ఉంటే భయమెందుకండీ?"

సిలార్ ఆమె కంప్యూటర్లోనే ఆ వైభోగం చూపించాడు. ‘జీఎల్ గోంగూర’ అనే ఫంక్షను ఉందా అని డ్రైవర్‌ని అడిగాడు. డ్రైవరు తడుముకోకుండా చిరునామా ఇచ్చేసింది.

"చూశారా, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఎలా ఇచ్చిందో! ఈ చిరునామాకి వెళ్లి తలుపు కొడితే లోపల ఎవరూ ఉండరు. ప్రోగ్రాం గుమ్మంలోనే పడిపోతుంది."

పడిపోవడం ఒక్కటే కాదు, ఇంకా ఘోరాలు కూడా జరుగుతాయని మాధురి దాచేపల్లిలో కళ్లారా చూసింది. పేరయ్య అనే పెద్దాయన ఇల్లు కట్టబోతూ, తెర మీద బొమ్మ చూడటానికి చుట్టపక్కాలందర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన కంప్యూటరు మీద సిమెంటు దుమ్ము వేలు మందాన ఉంది. డ్రైవర్‌ని రంగు ఉందా అంటే ఉందంది. నీడ ఉందా అంటే ఉందంది. తీరా మీట నొక్కితే ఇల్లు ప్రత్యక్షమైంది, కిటికీలతో సహా బొగ్గులా.

"ఏంటండీ ఇది!" అని పేరయ్య లేచాడు. "శంకుస్థాపన కూడా కాలేదు, అప్పుడే ఇల్లు తగలబెట్టేశారా!"

పేరయ్య భార్య ఇంకో మాట మాట్లాడకుండా గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి, కంప్యూటర్ చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీసి, అక్కడే నిప్పుల్లో పోసింది. గుంటూరు మిరపకాయల ఘాటు అందరికీ తెలిసిందే. చుట్టాలు, కంపెనీవాళ్లు అందరూ ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ వీధిలో పడ్డారు. "చిన్న సమస్యండీ" అని ప్రేమ్‌చంద్ దగ్గుతూ సర్దిచెబుతుంటే, సిలార్ కళ్లు తుడుచుకుంటూ చేతులు జోడించాడు. "తప్పు నాదేనండీ. ఉందంటే నమ్మాను."

ఆ రోజునుంచి అతను అడిగి ఊరుకోవడం మానేశాడు. ఉందన్న ప్రతి ఫంక్షను చేతా, ఎవరికీ కనపడని చోట ఒక్క చుక్క గీయిస్తాడు. ఆ చుక్క నిజంగా పడిందో లేదో మళ్లీ చదివి చూస్తాడు. పడితేనే అసలు పని ఇస్తాడు.

"నీ చుక్కల గోలతో ప్రోగ్రాం తెరుచుకోవడం ఆలస్యమవుతోందిరా" అని ప్రేమ్‌చంద్ మొత్తుకున్నాడు.

"ఆలస్యమైతే ఓ కాఫీ తాగుతార్లేరా. నల్లిల్లు వస్తే మళ్లీ మిరపకాయలు కాలుస్తారు" అన్నాడు సిలార్. ప్రేమ్‌చంద్‌కి ఆ రోజు గుర్తొచ్చి దగ్గొచ్చింది.

ఇదంతా చూసి పడీపడీ నవ్విన మాధురి కూడా నిజానికి ఆ డ్రైవర్ బాపతే. ‘బాగున్నావా’ అని ఎవరైనా అంటే, ప్రశ్న పూర్తవకముందే ‘బాగున్నాను’ వచ్చేస్తుంది. భర్త గుండెపోటుతో పోయి మూడేళ్లయింది. మొదట్లో ఆ మాట ఎదుటివాళ్లని బాధపెట్టడం ఇష్టంలేక అనేది. తర్వాత అలవాటైపోయింది. వెంకటరావమ్మ గారి మేడ మీద రెండు గదుల వాటాలో ఒక్కతే ఉంటుంది. ఆఫీసుకి ఎప్పుడో వారానికోసారి వెళ్లి, మిగతా రోజులు ఇంట్లోనే పని చేసుకుంటుంది.

ఆమెని పలకరించేవాళ్లు లేరని కాదు. దర్శి నుంచి తమ్ముడు చైతన్యకృష్ణ ఫోన్ చేస్తాడు. "బాగున్నావా అక్కా?" "బాగున్నాన్రా, నువ్వో?" "నేనూ బాగున్నా. ఉంటా మరి." వెంకటరావమ్మ గారు మెట్ల కిందనుంచే కేకేస్తుంది. అక్కడా అదే జవాబు. వాళ్లంతా మంచివాళ్లే. కానీ ఫోన్ పెట్టేశాక గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలేది. అన్నం ఒక్కదానికోసం వండుకోబుద్ధి కాక, మాధురి చాలా పూటలు మజ్జిగతో సరిపెట్టుకునేది. ఎవరెవరి సంసారాలకో ఇళ్లు గీసి గీసి, సాయంత్రానికి తన గొంతు తనకే కొత్తగా వినపడేది. ఒక్క ప్రశ్న మాత్రం ఆమెని వదిలేది కాదు. ఒకరోజు నేను లేవలేకపోతే, ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుందా? తెలియదనే అనిపించేది. ఆ ఆలోచన వచ్చిన రోజు మజ్జిగ కూడా సహించేది కాదు.

సిలార్ కూడా రోజూ పొద్దున ఫోన్ చేసేవాడు. కానీ బాగున్నారా అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

"మాధురి గారూ, ఒకసారి బాల్కనీలోకెళ్లి ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసి చెబుతారా? నీడల లెక్క సరిచూసుకోవాలి."

"మీ ఇంట్లో ఎండ రాదాండీ?"

"ఎదురుగా అపార్ట్‌మెంట్ లేచిందండీ. మాకు ఎండ మధ్యాహ్నానికి గానీ రాదు."

ఒకరోజు ఎండ. ఒకరోజు పక్కింటి గోడ ఇటుక ఎరుపా, మిరప ఎరుపా అని. ఇంకోరోజు పైన డాబా మీద వెంకటరావమ్మ గారు మిరపకాయలు ఆరబోసే పట్టా రంగు ఎండకి ఎంత వెలిసిందని. "ఈయనకి నేను తప్ప దొరకలేదా!" అని గొణుక్కుంటూ మాధురి డాబా మీదకెక్కేది. అక్కడ వెంకటరావమ్మ గారు మిరపకాయలు తిరగేస్తూ కనపడితే నాలుగు మాటలు, ఒక్కోసారి ఓ గిన్నెడు పప్పు దొరికేవి. కిందికొచ్చి జవాబు చెబితే, "థాంక్సండీ" అని అతను టక్కున పెట్టేసేవాడు. మర్యాద తెలియని మనిషి అనుకునేది మాధురి.

ఈ మిర్చి సీజనులో ఆమెకి జ్వరం వచ్చింది. మొదటి రోజు మాత్ర వేసుకుని పని చేసింది. రెండోరోజు కుర్చీలో కూర్చోలేకపోయింది, సిలార్ అడిగిన ఎండ మాత్రం తూలుతూ వెళ్లి చూసి చెప్పింది. మూడోరోజు మంచం దిగి మంచినీళ్ల బిందె దాకా వెళ్లలేకపోయింది. గొంతు ఎండిపోయి, గోడకేసి చూస్తూ పడుకుంది. ఇన్నాళ్లూ భయపడిన రోజు ఇదేనేమో అనుకుంది.

ఫోన్లు మాత్రం ఎప్పట్లాగే వచ్చాయి. తమ్ముడు బాగున్నావా అంటే బాగున్నానంది. ప్రేమ్‌చంద్ ఫైల్ అయిందా అంటే అవుతుందంది. కిందనుంచి వెంకటరావమ్మ గారు "ఏమ్మా, కనపడటం లేదు, బాగున్నావా?" అని కేకేస్తే, ఉన్న శక్తంతా కూడదీసుకుని "బాగున్నాను పిన్నిగారూ!" అని తిరిగి కేకేసింది. అందరూ తృప్తిగా ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఒక్క మాట చెబితే పరిగెత్తుకొచ్చేవాళ్లే. ఆ ఒక్క మాటే నోటికి రాలేదు.

అప్పుడు సిలార్ ఫోన్ చేశాడు.

"మాధురి గారూ, బాల్కనీలో ఎండ ఎక్కడిదాకా వచ్చిందండీ?"

లేచి చూసే ఓపిక ఎక్కడిది! రోజూ చూసేదే కదా అని మాధురి పడుకునే చెప్పేసింది. "గడప దాకా వచ్చిందండీ."

ఎప్పటిలా టక్కున ‘థాంక్సండీ’ అని పెట్టెయ్యలేదు సిలార్.

"హలో? గడప దాకా వచ్చిందండీ."

"మాధురి గారూ," అన్నాడు సిలార్ మెల్లిగా, "తెల్లారినప్పట్నుంచీ మబ్బండీ ఇవాళ. ఊరంతా మిరపకాయల మీద పట్టాలు కప్పుకుంటున్నారు."

 అలవాటు కొద్దీ "నేను బాగానే ఉన్నానండీ" అంది.

"అది నేను అడగలేదండీ" అని అతను ఫోన్ పెట్టేశాడు.

కాసేపటికి వీధిలో ఆటో ఆగింది. ఆ తొందరలో సిలార్ ఆటోవాణ్ణి లేని సందు అడగడం కూడా మర్చిపోయాడని ఖుర్షిదా తర్వాత చెప్పింది. అక్కాతమ్ముడు మేడెక్కి తలుపు బాదితే, గడియ తియ్యడానికి మాధురి గోడ పట్టుకుని రావలసి వచ్చింది. ఖుర్షిదా ఒంటి మీద చెయ్యి వేసి "యా అల్లా! పెనంలా కాలిపోతోందిరా!" అంది. వెనకే పరిగెత్తుకొచ్చిన వెంకటరావమ్మ గారు లబలబలాడింది. "ఇప్పుడేగా బాగున్నానని అంత గట్టిగా చెప్పావు తల్లీ!"

దగ్గర్లోని క్లినిక్‌లో పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. డాక్టర్ గారొచ్చి "ఎలా ఉందమ్మా?" అన్నారు.

"బాగున్నానండీ" అంది మాధురి, చేతికి సూదితో.

సిలార్ నెత్తి కొట్టుకున్నాడు. "ఆవిడ మాట వినకండి డాక్టర్ గారూ. థర్మామీటరుని అడగండి!"

నీళ్లు బాగా తగ్గిపోయాయనీ, ఇంకో రోజు ఆగితే కష్టమయ్యేదనీ చెప్పి డాక్టర్ వెళ్లిపోయారు. సిలార్ కొబ్బరిబొండం తెస్తానని బయటికెళ్లాడు. ఖుర్షిదా పక్కన కూర్చుని చెంచాతో జావ పట్టింది.

"మీ తమ్ముడు గారి నీడల లెక్క నా ప్రాణం మీదకి రాకుండా కాపాడిందక్కా" అంది మాధురి.

"ఏ నీడల లెక్క?"

"రోజూ ఫోన్ చేసి ఎండ అడుగుతారుగా, సాఫ్ట్‌వేర్ కోసం."

ఖుర్షిదా చెంచా ఆపింది. "నీడల పని నిరుడే అయిపోయిందమ్మా! ఆ వేళ బిర్యానీ కూడా చేయించుకు తిన్నాడు నా చేత. ఇంకా ఎండ అడుగుతున్నాడా?"

"ఇవాళ కూడా అడిగారక్కా" అంది మాధురి.

"వీడు హైదరాబాద్‌లో ఒక్కడే ఉన్నప్పుడు కామెర్లొచ్చాయమ్మా" అంది ఖుర్షిదా. "నేను రోజూ ఫోన్ చేసి బాగున్నావా అంటే బాగున్నా అనేవాడు. నేనూ పిచ్చిదాన్నై నమ్మా. రంజాన్‌కి ఇంటికొస్తే గుమ్మంలో పసుపుకొమ్ములా నిలబడ్డాడు. అప్పట్నించి ఎవర్నీ బాగున్నావా అని అడగడు. ఏదో ఒక తిక్క పని చెబుతాడు. నన్నైతే రోజూ కుట్టుమిషను చప్పుడు వినిపించమంటాడు, ఫోన్లో!"

మాధురికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, అవి జ్వరానివి కావు. నిరుటినుంచీ తను గొణుక్కుంటూ ఎక్కిన మెట్లు, ఎవరికీ కనపడని చోట గీసిన చుక్కలన్నమాట. రోజూ ఒక మనిషి ఆ చుక్క పడిందా లేదా అని చూసుకుంటూనే ఉన్నాడు.

సిలార్ బొండం పట్టుకుని వచ్చాడు. మాధురి అతని మొహంలోకి చూసి, ఎవరూ అడగకుండానే చెప్పింది.

"సిలార్ గారూ, నాకు బాగాలేదండీ. జ్వరం ఒక్కటే కాదు. చాలా రోజుల్నించీ బాగాలేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను."

సిలార్ మొహం చాటంత అయింది. "అబ్బ! లేదన్నారు! విన్నావా అక్కా, లేదన్నారు!"

"నోర్ముయ్ రా! ఆ అమ్మాయి ఏడుస్తూ బాగాలేదంటే, లాటరీ తగిలినట్టు గంతులేస్తావేంట్రా!"

"లేదంటే ఏదో ఒకటి చెయ్యొచ్చు కదక్కా" అన్నాడు సిలార్.

వెంటనే చెయ్యడం మొదలైపోయింది కూడా. రాత్రి భోజనం తమ ఇంట్లోనే, ఒక్కదానికోసం వండుకునే ఖర్మేమిటని ఖుర్షిదా తేల్చేసింది. ఆదివారాలు నావని, క్లినిక్ దాకా వెంటొచ్చిన వెంకటరావమ్మ గారు గుమ్మంలోంచి తగాదాకొచ్చింది. ఇద్దరూ పప్పులో వెల్లుల్లి సంగతి దాకా వెళ్లారు. మాధురిని ఎవరూ ఏమీ అడగలేదు.

సాయంత్రం తమ్ముడి ఫోన్ వచ్చింది. "బాగున్నావా అక్కా?"

"లేదురా."

 పాపం, ఆ జవాబు తర్వాత ఏమనాలో తెలుసుకోవలసిన అవసరం చైతన్యకృష్ణకి ఎప్పుడూ రాలేదు.

"లేదా?" అన్నాడు.

"లేదు. జ్వరం, సెలైన్ ఎక్కిస్తున్నారు. అంతకుముందు నుంచీ కూడా బాగాలేదు."

"మరి ఎప్పుడడిగినా బాగున్నాననే దానివిగా!"

"నువ్వూ అక్కడితో ఆపేసేవాడివిగా."

 చైతన్యకృష్ణ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పనా అక్కా? నాకూ బాగాలేదు. మిరపతోట సగం నల్ల తామర పురుగు తినేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

మాధురి సూది లేని చేత్తో ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "మొత్తం చెప్పరా. వింటున్నా."

నిమిషంలో తెగిపోయే ఫోను ఆ పూట సెలైన్ సీసా అయిపోయినా తెగలేదు. అక్కా తమ్ముడూ అంతసేపు మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో. ఇద్దరూ బాగాలేరని తెలిశాక ఇద్దరికీ ప్రాణం తెరిపిన పడింది.

"రేపు పొద్దున్నే బయల్దేరి వస్తున్నానక్కా."

"ఏ బస్సుకి?"

"ఏదో ఒక బస్సుకి. వస్తానన్నాగా!"

"అలా కుదరదు" అంది మాధురి. "టికెట్ తీసుకుని, ఫోటో పంపించు."

తమ్ముడు పెద్దగా నవ్వాడు. నర్సు సూది తీసేలోగా ఫోటో వచ్చింది.